పొడుగుదా, పొట్టిదా?

ఆ వేసవి మా ఇంట్లో పొయ్యి దగ్గర మొదలుకొని వీధి తిన్నె దాకా ఒకటే మాట నడిచింది: పొడుగుదా, పొట్టిదా? అమ్మకు వినీ వినీ విసుగెత్తిపోయింది. "సంబంధం చూసేటప్పుడు గూడా ఎవరూ ఇంత విచారించరు" అని సణుక్కుంటూ గిన్నెలు తోమేది. సంగతి పెళ్లిది కాదు. గోల్ఫు ఆడే రెండు కొయ్యలది.

అది రెండు వేల నాలుగు. ధర్మపురి పక్కన మా పెరియంపట్టి చెరువు ఎండిపోయి అప్పటికి మూడేళ్లు. రాగి చల్లినవాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. మా బోరు గాలి కక్కుతోంది. అమ్మ మారమ్మ, సొంత పొలం ఉన్న మనిషి, రోడ్డు పనికి తట్ట మోయడానికి వెళ్లేది. అలాంటి చిత్తిరై నెలలో మా అన్న దొరసామి బెంగుళూరు బస్సు దిగి, భుజాన ఒక పొడుగాటి సంచీతో ఇంటికి వచ్చాడు.

"ఇన్ని కొయ్యలు యాడ ఏరుకొచ్చినావురా?" అంది అమ్మ.

"ఏరుకొచ్చిండేది కాదుమా. ఆడుకొన్నోళ్లు పాతవైనాయని ఇచ్చిండేవి. ఇంక నేనే ఆడబోతాను."

అన్న మొదట బెంగుళూరు వెళ్లింది మా ఊరి కుప్పన్ మేస్త్రితో, మేడలకు ఇనుప కంబి కట్టే పనికి. ఒకనాడు పక్కనే కంబి కడుతున్న స్నేహితుడు పైఅంతస్తు నుంచి జారి అన్న కళ్లముందే పోయాడు. ఆ తరువాత అన్న మేడ చుట్టూ కట్టే కొయ్యల సారం ఎక్కలేకపోయాడు. ఆ మేడ పక్కనే గోల్ఫు మైదానం. గోడ దిగి వెళ్లి ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీగా చేరిపోయాడు. వాళ్లు ఆడని వేళల్లో తను ఆడి నేర్చుకున్నాడు. ఇప్పుడు ఒక పోటీ ఉందట. అందులో పైన నిలిస్తే కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటే దేశంలో ఎక్కడైనా ఆటగాడిగా ఆడవచ్చు.

"ఈ ఒక్క తూరి, మా" అన్నాడు అన్న. "కార్డు తగల్లేదంటే కుప్పన్ మేస్త్రితో కంబి పనికి పోతాను. మళ్లా ఈ మాట ఎత్తను."

అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది, మగపిల్లవాడు ఇంట్లో ఒక్కడే. తిన్నె మీద కూర్చున్న నాయన మాత్రం అవుననలేదు, కాదనలేదు.

మా నాయన వెంకటరామప్ప ఊరి నీరుగంటి. చెరువు తూము తెరిచేదీ మూసేదీ, ఏ మడికి ఎంతసేపు నీళ్లు అని చెప్పేదీ ఆయనే. అంతకుముందు మా తాత, ఆయనకు ముందు ఆయన నాయన. తూము తిప్పే ఇనుప పిడి మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉండేది. నీళ్ల తగాదా వస్తే తలలు పగలగొట్టుకునేవాళ్లు కూడా నాయన ఒక మాట చెబితే పార భుజాన వేసుకొని వెళ్లిపోయేవాళ్లు. చెరువు ఎండిన తరువాత మా గడప తొక్కినవాడు లేడు. నాయన గడ్డం గీసుకోవడం మానేశాడు. అన్నం ముందు కూర్చొని అన్నాన్నే చూస్తుండేవాడు. నాకు ఆయన్ను అలా చూడాలంటే భయం వేసేది.

అన్న రోజూ తెల్లవారుతూనే ఎండిన చెరువులోకి దిగేవాడు. పశువులు తొక్కీ తొక్కీ అది బండలా గట్టిపడి ఉంది. నేను గోనెసంచీ పట్టుకొని అన్న కొట్టిన బాలు ఏరుకురావడానికి వెళ్లేదాన్ని. నాకు ఆ ఆట మొదట్లో శుద్ధ దండగ అనిపించింది. కొట్టడం, మనమే నడిచి వెళ్లి తెచ్చుకోవడం, మళ్లీ కొట్టడం. అయినా పది రోజులు తిరిగేసరికి ఏ కొయ్య ఎందుకో నాకు తెలిసిపోయింది.

అసలు చిక్కు రెండు కొయ్యల దగ్గర వచ్చింది. వాటిని వుడ్ అంటారు, తలలో కర్ర ముక్క కూడా లేదు. కొబ్బరిచిప్ప బోర్లించినట్టుండే ఇనుప తల, దానికి సన్నటి కాడ. గడ్డి మీద ఉన్న బాలును దూరం కొట్టడానికి అవి. త్రీ వుడ్ పొడుగుది, మొహం నిటారుగా ఉంటుంది. ఫైవ్ వుడ్ కాస్త పొట్టిది, మొహం పైకి వాలి ఉంటుంది. అన్న ఎవరి సంచీ మోసేవాడో ఆ సదాశివం సార్ రెండూ ఇచ్చి, "పోటీకి ముందు ఏదో ఒకటి ఉంచుకొని రెండోది తిరిగిచ్చేయ్" అన్నాడట. ఆయనకూ ఆడాలి కదా.

ఒకరోజు నేను బాలు ఏరుతుంటే గట్టు మీద నాయన కనిపించాడు. చాలాసేపు నిలబడి చూశాడు. తరువాత మెల్లగా చెరువులోకి దిగి వచ్చాడు. ఆయన ఆ చెరువులో కాలు పెట్టి ఎన్నాళ్లయిందో.

"ఏమిరా, ఆ రెండిట్లో తేడా ఏమి?" అని అడిగాడు.

అన్న సంబరంగా చెప్పాడు. అంతా విని నాయన అటూ ఇటూ చూసి, ఒక రాయి తీసుకున్నాడు. "కొట్టు, చూస్తాం" అన్నాడు.

ఆ రోజు నుంచి నాయనకు పని దొరికింది. పొడుగుదానితో కొట్టిన బాలు నిలిచిన చోట సున్నం పూసిన రాయి. పొట్టిదానితో కొట్టింది నిలిచిన చోట ఎర్రమన్ను పూసిన రాయి. నాటు వేసేవాడిలా వంగి వంగి పాతేవాడు. తెల్లరాళ్లు ఎప్పుడూ ఎర్రరాళ్లకు బాగా అవతల ఉండేవి. పొడుగుదానితో కొట్టింది తక్కువ ఎత్తులో దూసుకుపోయి, నేల తగిలాక దొర్లి దొర్లి పోయేది. పొట్టిదానితో కొట్టింది ఆకాశానికి లేచి, పొడుగుదాని బాలు మొదట నేల తగిలిన చోటు దాటి కుదురుగా దిగేది.

"నాయనా, యాడ పడిందనేది గూడా చూడల్ల" అన్నాడు అన్న ఒకసారి.

"యాడ పడితే ఏమిరా? నీళ్లు యాడికి చేరినాయనేదే లెక్క. యాడ ఎగిరి దూకినాయనేది ఎవురికి కావల్ల?"

అన్న నవ్వి ఇంకో బాలు పెట్టుకున్నాడు.

ఊళ్లో జనం గట్టు మీదికి చేరి చూడటం మొదలుపెట్టారు. మా మీనాక్షమ్మత్త అయితే నడుం మీద బిందె పెట్టుకొని కేకేసింది. "ఏం బావా, చెరువులో కోడిగుడ్లు నాటుతా ఉండావా? ఎప్పుడు మొలుస్తాయి?"

"మొలిచినాక నీకొక పెట్టను ఇస్తాలే మ్మే" అన్నాడు నాయన.

మూడేళ్ల తరువాత నాయన నోట వేళాకోళం. అమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ నాకు మాత్రం కనపడేలా కళ్లు తుడుచుకుంది. నాయన ఆ వారమే గడ్డం గీయించుకున్నాడు. రెండోసారి రాగి సంగటి అడిగి పెట్టించుకున్నాడు. ఆటలో ఏముందో నాకు తెలియదు గానీ, ఆ గోల్ఫుకు నేను మనసులో దండం పెట్టుకున్నాను.

చిత్తిరై పోయి వైకాశి నెల వచ్చింది. పోటీ దగ్గరపడింది. ఒక ఉదయం తుమ్మచెట్టు కింద నీళ్లు తాగుతూ నేనే అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. నీకేది ఇష్టం?"

"పొట్టిదే పాపా" అన్నాడు వెంటనే. "ఇక్కడంటే మట్టి, దొర్లుతుంది. అక్కడంతా గడ్డి. వాన పడితే ఇంకేమీ దొర్లదు. పైకి లేచి పడేదే మనకు కావల్ల."

"అయితే సదాశివం సార్‌కి పొడుగుది ఇచ్చేయ్, అయిపోయె."

"ఇస్తాను. నాయనను ఒక మాట అడిగినాక. ఇన్ని దినాలు ఎండలో నిలబడి రాళ్లు నాటినాడు. మరియాదగా అడగల్ల గదా. నీ ఇష్టమేరా అంటాడు, అంతే."

ఆ సాయంత్రం తిన్నె మీద నాయన, ఆయన పక్కన మా చిన్నాయన కొడుకు కాళియన్, ఇంకో ఇద్దరు పొలంవాళ్లు కూర్చొని ఉన్నారు. అన్న రెండు కొయ్యలూ తెచ్చి నాయన ముందు పెట్టాడు. "నాయనా, ఏది ఉంచుకొనేది?" అని అడిగాడు.

నీ ఇష్టం అనలేదు నాయన. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నీళ్ల తగాదాకు తీర్పు చెప్పేముందు ఆయన చేసేది అదే. రెండు కొయ్యలనూ ఒకదాని తరువాత ఒకటి పైకెత్తి చూశాడు. తిన్నె మీది వాళ్లంతా ముందుకు వంగారు.

"పొడుగుది" అన్నాడు. "తెల్లరాయి ఒక్కనాడు గూడా ఎర్రరాయికి ఈతల పడలేదు. పొడుగుదే."

కాళియన్ తల ఊపాడు. పొలంవాళ్లూ తల ఊపారు. నేను గడపలో నిలబడి అన్న మొహం చూస్తున్నాను. అన్న పొట్టిదాన్ని తీసి, దాని తలకు గుడ్డ తొడుగు తొడిగి, తిరిగి ఇవ్వడానికి వేరుగా పక్కన పెట్టాడు.

"సరి, నాయనా" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పెరట్లోకి లాక్కెళ్లి అడిగాను. "నీకు తెలుసు గదా! తెలిసి ఏల తలకాయ ఊపినావు?"

"మూడేండ్లకు నాయన ఒక తీర్పు చెప్పినాడు పాపా" అన్నాడు అన్న. "నలుగురి ముందర. కాదని ఎట్ల చెప్పేది?"

"మరి నీ కార్డు?"

"పొడుగుదానితో కొట్టలేనా ఏంది? నువ్వు సుమ్మా ఉండు, ఏమీ అనద్దు. ఆయన మొహం చూసినావా?"

చూశాను.

పోటీకి అన్న స్నేహితులందరూ తామే ఆడుతున్నారు, లేదా వేరేవాళ్ల సంచీ మోయడానికి ఒప్పుకున్నారు. దాంతో అన్న సంచీకి నేను వెళ్లాను. పొట్టిదాన్ని ముందే సదాశివం సార్ ఇంట్లో ఇచ్చేశాం. మైదానం గేటు దగ్గర కాపలావాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేనూ వాణ్ణి పైనుంచి కిందికి చూశాను. ఆడపిల్ల మోయకూడదని ఎక్కడా రాసి లేదట, లోపలికి వదిలారు.

బెంగుళూరులో అప్పటికే రెండు రోజులుగా ముసురు. ఎటు చూసినా పచ్చగడ్డి, గడ్డి నిండా నీళ్లు. నా చెప్పులు దిగబడిపోతున్నాయి. మా చెరువులో గొంతు తడుపుకోవడానికి లేని నీళ్లు ఇక్కడ ఆట కింద పారుతున్నాయని నాకు కడుపు మండింది. అన్న మాత్రం నేల చూస్తూ నడిచాడు. కొట్టిన బాలు పడిన చోటే పాతుకుపోతోంది. అయినా అన్న బాగా ఆడాడు. మొదటి రోజు, రెండో రోజు, చివరి రోజు మధ్యాహ్నం దాకా కార్డు వచ్చేవాళ్లలోనే ఉన్నాడు.

బాలును చేర్చాల్సిన చివరి గుంతకు ముందు ఒక కుంట ఉంది. అన్న కొట్టిన మొదటి దెబ్బ బాగానే పోయింది గాని, తడిలో ఒక్క అడుగు కూడా దొర్లలేదు. కుంట అవతల గుంత దగ్గర పాతిన జెండా చాలా దూరంలో ఉంది. పక్కకు చిన్నగా కొట్టి కుంటను చుట్టి వెళ్లవచ్చు. అలా వెళితే ఒక దెబ్బ ఎక్కువవుతుంది. ఆ ఒక్క దెబ్బ ఎక్కువైతే కార్డు రాదు. దాటించే కొట్టాలి.

నేను సంచీ ముందుకు వంచాను. అన్న చెయ్యి కొయ్యల మధ్య ఒక ఖాళీ దగ్గరికి పోయి ఆగింది. అక్కడ పొట్టిది ఉండాలి. అన్న చెయ్యి పక్కకు జరిపి పొడుగుదాన్ని తీసుకున్నాడు.

దెబ్బలో తప్పేమీ లేదు. చెరువులో వందసార్లు విన్న చప్పుడే అది. బాలు తక్కువ ఎత్తులో నీళ్ల మీదుగా దూసుకుపోయి, అవతలి గట్టు అంచుకు కాస్త కింద తగిలింది. తడిమన్నులో ఒక క్షణం ఆగినట్టే ఆగి, జారి నీళ్లలో పడిపోయింది.

అన్న టోపీ తీసి మొహం తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. "సరి, పద పాపా" అన్నాడు.

తిరుగు బస్సు హోసూరు దాటింది.

"ఇంట్లో ఏమని చెప్తావు?" అని అడిగాను.

"చెయ్యి తప్పిందని చెప్తాను."

"అది అబద్ధం."

"కొట్టిండేది నా చెయ్యే గదా. అబద్ధం యాడుండాది?" అని కిటికీ వైపు తిరిగాడు. ధర్మపురి బస్‌స్టాండులో దిగేదాకా అటువైపే చూస్తూ ఉన్నాడు. ఏడుస్తున్నాడని నాకు తెలుసు. నేనూ ఏడ్చాను.

నాయన తిన్నె దిగి ఎదురొచ్చాడు. అన్న ఆయనను నోరు తెరవనివ్వలేదు. "కొయ్య బాగానే ఉండె నాయనా. నా చెయ్యే తప్పి, బాలు కుంటలో పడింది" అన్నాడు.

"చెయ్యి తప్పితే ఏం చేస్తాంరా" అని నాయన అన్న వీపు నిమిరాడు. "పొడుగుది బాగా పోయెనా?"

"బాగా పోయె నాయనా."

ఆ వారమే అన్న కుప్పన్ మేస్త్రితో వెళ్లిపోయాడు. తన మాట మీద నిలబడ్డాడు. సంచీ అటక మీదికి ఎక్కింది. వెళ్లేటప్పుడు అమ్మ, "పైకి ఎక్కేటప్పుడు కిందికి చూడద్దు నాయనా" అంటూ బస్సు కదిలేదాకా కిటికీ కడ్డీ వదల్లేదు.

ఆడి నెల మొదట్లో ఒక మధ్యాహ్నం మా ఊళ్లో వాన పడింది. పెద్ద వానేమీ కాదు, చెరువు అడుగు తడిసేంత వాన. అయినా పిల్లలూ పెద్దలూ వీధిలోకి వచ్చి తడిశారు. నాయన తిన్నె మీద లేడు. గోనెసంచీ తల మీద వేసుకొని వెతుకుతూ చెరువుకు వెళ్లాను.

నాయన తన రాళ్ల మధ్య నిలబడి ఉన్నాడు. అన్న వదిలి వెళ్లిన బాలు ఒకటి చేతిలో ఉంది. దాన్ని బలంగా ముందుకు విసిరాడు. అది బురదలో పడి, పడిన చోటే ఉండిపోయింది. వెళ్లి తీసి, తుడిచి, మళ్లీ విసిరాడు. మళ్లీ అంతే. నేను దగ్గరికి వెళ్లేసరికి సున్నం పూసిన రాయి ఒకటి పట్టుకొని దాని మీది సున్నం కారిపోవడం చూస్తున్నాడు.

"పాపా, ఆ పొద్దు బెంగుళూరులో వాన పడిండెనా?"

"పడింది నాయనా."

"వాడికి తెలుసునా? ముందే?"

నేను బురదలోంచి బాలు తీసి ఓణీకి తుడిచాను. తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాను. నాయన రాయిని అక్కడే పడేసి గట్టెక్కాడు. ఇంటికి వచ్చి తడిబట్టలతోనే తిన్నె మీద కూర్చున్నాడు. గడ్డం మళ్లీ పెరిగింది. నాలుగు చినుకులు పడ్డాయని నాట్ల సంగతి అడగడానికి వచ్చినవాళ్లతో, "మీకే తెలుస్తుంది, మీరే చూసుకోండి" అనేవాడు.

ఏడాది తిరిగి కార్తీకం వచ్చేసరికి, ఎప్పుడూ ఎరగని వానలు కురిశాయి. చెరువు నిండి పొర్లింది. ఊరంతా తప్పెట్లతో తూము దగ్గరికి చేరింది. అన్న రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. చేతివేళ్ల సందుల్లో సిమెంటు తెల్లగా పేరుకొని ఉంది. చిక్కిపోయాడు.

అమ్మ ఇనుప పిడికి నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి నాయన చేతికిచ్చింది. ఎన్నేళ్లకో వచ్చిన రోజు. నాయన తూము మెట్టు మీద నిలబడి నీళ్లను చూశాడు. రాళ్లు పాతిన చోటంతా మునిగి, తుమ్మచెట్టు కొమ్మలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

"దొరసామీ, ఇట్ల రా" అన్నాడు. అన్న దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

"ఆ కుంట ఎంత ఉండెరా?"

"ఈడ్నుంచి ఆ తుమ్మచెట్టు దాకా ఉంటుంది నాయనా."

నాయన తుమ్మచెట్టు వైపు చూశాడు. "పొట్టిది అయితే దాటేదా?"

తప్పెట్లు మోగుతూనే ఉన్నాయి. అన్న నా మొహంలోకి చూశాడు, తరువాత నీళ్లలోకి చూశాడు. మళ్లీ ఒక అబద్ధం వెతుక్కుంటున్నాడని నాకు అర్థమైంది. అది దొరకలేదు.

"దాటేది, నాయనా."

నాయన తల ఊపాడు. పిడిని కళ్లకు అద్దుకొని, పక్కనున్న కాళియన్ చేతిలో పెట్టాడు.

"ఇంక నువ్వు చూసుకోరా."

"ఏంది పెద్దనాయనా ఇది? నువ్వు ఉండంగా నేనెట్ల..."

"నా లెక్క తప్పిందిరా ఒకతూరి" అన్నాడు నాయన. "తిప్పు. జనం కాచుకోనుండారు."

కాళియన్ పిడి తిప్పాడు. నీళ్లు కాలువలోకి దూకాయి, జనం కేకలు పెట్టారు. నాయన మెట్టు దిగి గట్టు మీద ఇంటివైపు నడిచాడు. ఆయన వెనక అన్న, అన్న వెనక నేను. ఆ నీళ్ల కోసం అన్నేళ్లు కాచుకున్న మనిషి, ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.